జీతగాని పిన్ను

కోరుట్ల,
20 ఆగస్టు 2011

రాజం మామకు,

వందనాలు. నువ్వు ఫోనులో వినలేవు కాబట్టి ఉత్తరమే రాస్తున్నాను. నెమ్మదిగా చదువు, జవాబు మాత్రం తొందరగా రాయి. నాకు నీతో పని పడింది.

పోయిన మంగళవారం మా నెట్ సెంటర్లో పాత కంప్యూటరు కాలిపోయింది. కరెంటు పోయింది, వచ్చింది, మళ్లీ పోయింది. మూడోసారి వచ్చినప్పుడు లోపల టప్పుమని శబ్దం వచ్చింది. మూత తీసి చూస్తే మదర్‌బోర్డు రెండు చోట్ల మాడిపోయి ఉంది. సరే, ఎప్పుడైనా మార్చాల్సిందే కదా అని కొత్తది కొన్నాను.

చిక్కంతా పాత హార్డ్ డిస్కుతో వచ్చింది. దానికి వెడల్పు పట్టీ తీగ కావాలి, నలభై పిన్నులది. కొత్త బోర్డు మీద అంత వెడల్పు సాకెట్టే లేదు. గోరంత సాకెట్లు నాలుగున్నాయి, అంతే. పాతదాన్ని ఐడీఈ అంటారని, కొత్తదాన్ని సాటా అంటారని జగిత్యాలలో కోర్సు చేసినప్పుడు చెప్పారు. ఒకదాన్ని ఇంకోదానికి ఎలా తగిలించాలో మాత్రం చెప్పలేదు.

ఆ డిస్కు ఎందుకు కావాలో కూడా చెప్తాను. మా సెంటరు వెనక సందులో రాధక్క ఉంటుంది. భర్త సత్తయ్య మూడేళ్ల కింద సౌదీకి పోయాడు. తోట పని అని తీసుకుపోయి ఎడారిలో మేకల వెంట పెట్టారు. పాస్‌పోర్టు యజమాని గుంజుకున్నాడు. ఈ జూన్‌లో అక్కడి నుంచి పారిపోయి పోలీసులకు దొరికాడు. ఇప్పుడు దేశానికి వాపసు పంపేందుకు ఉంచే క్యాంపులో ఉన్నాడు. పాస్‌పోర్టు నకలు ఉన్నవాళ్ల కాగితాలే ముందు కదులుతున్నాయట. క్యాంపుకు వచ్చిపోయే తెలుగాయన ఒకాయన తన ఈమెయిలు ఇచ్చి, "నకలు పంపుండ్రి, మిగిలింది నేను చూస్త" అన్నాడు.

ఇంట్లో ఉన్న నకలు మొన్నటి వానకు ట్రంకుపెట్టెలో తడిసింది. రాధక్క నా దగ్గరికి తెస్తే దాని మీద నీలం మరక తప్ప ఏమీ లేదు. ఆ ప్రింటు 2008లో తీసిచ్చింది నేనే, మామా. లేజరు ప్రింటైతే తడిసినా అక్షరం నిలిచేది. నేను ఇంకు ప్రింటులో తీశాను. నంబరు కూడా ఎక్కడా రాసి లేదు. తీసుకుపోయిన ఏజెంటును అడిగితే తెలియదన్నాడు.

ఆ స్కాను నా పాత డిస్కులో ఉంది. ఇంకెక్కడా లేదు.

నీ మేనకోడలు,
సుమలత

*

సిరిసిల్ల,
27 ఆగస్టు 2011
జై తెలంగాణ

సుమా బిడ్డా,

నీ ఉత్తరం అందింది. తహసీల్దారుకు దరఖాస్తు పెట్టినట్టు రాసినవ్. నాకు గట్ల రాసుడు రాదు, నోటికొచ్చినట్టే రాస్త. సదువుకో.

ముందుగాల డిస్కు పోయిందని మనసుల పెట్టుకోకు. దానికి కూసునే చోటు లేదు, గంతే. మా సాంచాల మీద, గా మరమగ్గాల మీద, పడుగు పోగులు పక్కపక్కన పోతయి చూడు, పాత డిస్కు గట్లుంటది. నలభై పోగులు ఒక్కసారి నడువాలె. కొత్తది గట్ల గాదు. రెండు మూడు పోగుల మీదనే ఒకదాని ఎనుక ఒకటి ఉరికిస్తది. ఇద్దరు చేసేది ఒక్క పనేగని, ఒకని మాట ఇంకొకనికి తెల్వది. నడుమ మాట చెప్పేటిది కావాలె. దాన్ని కన్వర్టరంటరు, అగ్గిపెట్టెంత ఉంటది. సిరిసిల్లల లేదు, కరీంనగర్ల అడిగిపిచ్చిన, ఆడ లేదు. హైదరాబాదుల ఉన్నదట, చెప్పిపిచ్చిన. బస్సు పార్సిల్ల వస్తది.

గా డిస్కును ఎవ్వల చేతికియ్యకు. మూత ఇప్పకు. కింద పడనియ్యకు. ముప్పై ఏండ్లు సాంచాలు బాగుచేసిన, గీ కంప్యూటర్లు ఎనిమిదేండ్ల సంది చేస్తున్న. తొందరపడి చెడగొట్టినోళ్లనే ఎక్కువ చూసిన.

రాధమ్మకు చెప్పు, అయితదని.

నీ మామ,
రాజం

*

కోరుట్ల,
21 సెప్టెంబర్ 2011

మామకు,

వందనాలు. పదమూడో తారీఖు నుంచి సకల జనుల సమ్మె సంగతి నీకు చెప్పేదేముంది. నీ కన్వర్టరు హైదరాబాదులోనే ఉండిపోయింది. పోస్టాఫీసు తెరిచే ఉంది, కానీ ఉత్తరాల సంచులు మోసే బస్సులు లేవు. అందుకని ఇది వెంకటేశం అన్న చేత పంపుతున్నాను. మీ సిరిసిల్ల నుంచి లంగా గుడ్డ తానులు ఇక్కడి షాపులకు తెచ్చే ట్రాలీ ఆయనదే. ముందు పెద్ద జెండా కట్టుకున్నాడు. ఆపిన చోటల్లా ఆగి, నినాదం ఇచ్చి, వాళ్లు పెట్టింది తిని కదులుతున్నాడట. "ఉత్తరం ఒక్క దినంల చేరుతదిగని నాకు అరగతలేదు చెల్లె" అంటున్నాడు.

నేను సమ్మెను తప్పుపట్టడం లేదు. నిన్న మా వీధి ఆడవాళ్లమంతా రోడ్డు మీద పొయ్యి పెట్టి వండాం. ఉప్పు నేనే వేశాను, ఎక్కువైంది, అయినా అందరూ తిన్నారు. కానీ సత్తయ్య దగ్గర సమ్మె లేదు కదా. నకలు అక్టోబరు ఇరవైలోపల అందితేనే ఈ విడతలో ఆయన పేరు ఉంటుందని కబురొచ్చింది. తర్వాతి విడత ఎప్పుడో ఎవరూ చెప్పడం లేదు.

రాధక్క రోజూ పొద్దున్నే బీడీల చాట పట్టుకొచ్చి మా సెంటరు మెట్ల మీద కూర్చుంటుంది. సాయంత్రం దాకా అక్కడే చుడుతుంది. నన్ను ఏమీ అడగదు. అడిగితే బాగుండుననిపిస్తుంది. ఒక్కసారి తిట్టినా బాగుండును.

కన్వర్టరు కోసం కూర్చోను. కొత్త బోర్డులో పాతదానికి చోటు లేకపోతే పాత బోర్డే వెతుకుతాను. జగిత్యాలలో మన చర్చి దావీదు అన్న పాత సామాను దుకాణం నడుపుతున్నాడు. ఎట్లాగైనా పోతాను.

సుమలత

*

జగిత్యాల,
28 సెప్టెంబర్ 2011

మామకు,

దావీదు అన్న దుకాణంలో కూర్చుని రాస్తున్నాను. రెండు ఆటోలు మారి, నడుమ నాలుగు కిలోమీటర్లు నడిచి వచ్చాను. డిస్కును తువ్వాలలో చుట్టి పసిపిల్లను ఎత్తుకున్నట్టు తెచ్చాను.

బోర్డు దొరికింది. ఏదో బడిలో తీసేసిన కంప్యూటరు. రెండు వెడల్పు సాకెట్లుంటే ఒకదాని పిన్నులు విరిగి ఉన్నాయి, రెండోది బాగుంది. దాని సొంత డిస్కు కూడా నడుస్తోంది, విండోస్ వస్తోంది. పట్టీ తీగకు రెండు తలలు ఉంటాయి కదా, ఒక తలకు దాని డిస్కు, ఇంకో తలకు మనది తగిలించాను. తెర నల్లగా అయి ఆగిపోయింది. అప్పటిదాకా నడిచిన డిస్కు కూడా కనబడలేదు. మనదాన్ని ఒక్కదాన్నే పెడితే విండోస్ మొదలైనట్టే అయి నీలం తెర వస్తోంది. ఆరేడుసార్లు చేశాను.

దావీదు అన్న అన్నాడు, "పోయింది చెల్లె. పోయినదాన్ని పట్టుకొని ఎందుకు గుంజులాడుతవ్, అది పక్కదాన్ని గూడ చంపుతుంది."

నాకూ అలాగే అనిపిస్తోంది. బోర్డు కాలిన రోజే డిస్కుకు కూడా దెబ్బ తగిలి ఉంటుంది. ఈ కంప్యూటరును అన్న ఊరికే ఇచ్చాడు, కోరుట్లకు తీసుకుపోతున్నాను. రాధక్కకు ఇంకా చెప్పలేదు. ఎలా చెప్పాలో తెలియడం లేదు.

సుమలత

*

సిరిసిల్ల,
2 అక్టోబర్ 2011
జై తెలంగాణ

బిడ్డా,

రాధమ్మకు ఏం చెప్పకు. నీకు చెప్తున్న, డిస్కు మంచిగున్నది.

సచ్చినోడు నీలం తెర దాకా ఎట్ల నడిచొస్తడు? గా డిస్కుల ఉన్న విండోస్ నీ పాత బోర్డుకు అలవాటు పడ్డది. కొత్త ఇంటికొస్తె దానికి తలుపేదో కిటికేదో తెల్వక నిలవడ్డది. మొదలైందంటెనే పానం ఉన్నట్టు. నువ్వు దాన్ని నడిపియ్యకు, ఇంకో డిస్కు పక్కన పెట్టి లోపలున్నది తీసుకో. నువ్వు చేసిన పని సరైందే.

మరి రెండూ పెడితె నల్లగెందుకైంది? నాకు ఒక్కటే అనుమానం. జంపరు. డిస్కు ఎనుక చిన్న పిన్ను, టోపి లెక్క ఉంటది. నేను పని నేర్చుకునేటప్పుడు జంపరంటె ఆడోళ్ల రవిక అనుకున్న, మా ఉస్తాదు కడుపు పట్టుకొని నవ్విండు. గా పిన్ను రెండు డిస్కులకు యాడ్యాడ పెట్టినవో బొమ్మ గీసి పంపు. వెంకటేశాన్ని ఆగుమని చెప్పి, ఆడనే గీసియ్యి.

రాజం మామ

*

కోరుట్ల,
6 అక్టోబర్ 2011

మామకు,

జంపరు ఎక్కడ ఉండాలో అక్కడే ఉంది. అది వదిలేసి ఇంకేదైనా కారణం చూడు.

కరెంటు రోజుకు రెండు గంటలే ఉంటోంది, సమ్మెలో బొగ్గు తీయడం లేదు కదా. ఆ రెండు గంటలూ ఆ కంప్యూటరు ముందే కూర్చుంటున్నాను. పట్టీ తీగ మార్చాను. పిన్నులు గుడ్డతో తుడిచాను. ఏమీ మారలేదు.

ఇంక పద్నాలుగు రోజులే ఉంది.

సుమలత

*

సిరిసిల్ల,
9 అక్టోబర్ 2011

బిడ్డా,

బొమ్మ గీయమంటె గీయలేదు. చేతికి అంత కష్టమా? నువ్వు చిన్నప్పుడు బలపం పోతె గిట్లనే రెండు మాటల్ల జవాబు చెప్పెటిదానివి.

సక్కగ అడుగుతున్న, సక్కగ చెప్పు. రెండు డిస్కుల పిన్నులు మాస్టరు అని రాసిన కాడనే ఉన్నయా?

మామ

*

కోరుట్ల,
12 అక్టోబర్ 2011

మామా,

ఉన్నాయి. రెండూ మాస్టరు దగ్గరే ఉన్నాయి. ఎందుకున్నాయో కూడా రాస్తాను.

ఏడేళ్ల కింద జగిత్యాల ఇన్‌స్టిట్యూట్లో ఆ పాఠం వచ్చిన రోజు సారు బోర్డు మీద మాస్టర్, స్లేవ్ అని రాశాడు. ఎవరికీ అర్థం కాలేదు. "మాస్టరంటె దొర, స్లేవంటె జీతగాడు" అన్నాడు. అని నా వైపు తిరిగి, "సుమలతకు నేను చెప్పే పని లేదు, ఆమె ఇంట్ల అడిగినా చెప్తరు" అన్నాడు. ఇరవై రెండు మందిమి. ఇరవై ఒక్కమంది నవ్వారు.

ఆ తర్వాత సారు ఏం చెప్పాడో నేను వినలేదు. ఇద్దరు దొరలు ఒక పట్టీ మీద ఉండకూడదని చెప్పే ఉంటాడు. నేను కిటికీ బయటికి చూస్తూ కూర్చున్నాను.

ఆ రోజు నుంచి నా చేతికొచ్చిన ఒక్క డిస్కుకు గూడ నేను జీతగాని కాడ పిన్ను పెట్టలే. నా పాత బోర్డు మీద రెండు సాకెట్లుండె, ఒక్కోదానికి ఒక్కో చోటిచ్చిన. అందరినీ దొరలనే చేసిన. ఏడేండ్లు నడిచింది. మా నాయిన వెల్గటూర్ల దొరింట్ల పన్నెండేండ్లు జీతమున్నడు. ఆయన పోయినంక గూడ నన్ను జీతగాని బిడ్డనే అన్నరు ఊళ్లె. నేను ఎవ్వల్నీ గా మాట కింద కూసోవెట్ట. ఇనుప డబ్బైనా సరే.

నవ్వితె నవ్వు. నాకు ఎవ్వలి నవ్వూ కొత్త గాదు.

సుమ

*

సిరిసిల్ల,
14 అక్టోబర్ 2011

బిడ్డా,

నేను నవ్వలేదు.

గా సారుకు పని రాదు. పని తెలిసినోడు గట్ల చెప్పడు. ఒక్క పట్టీ మీద రెండు డిస్కులుంటె ఒకటి ముందల మాట్లాడాలె, ఒకటి ఎనుక మాట్లాడాలె. రెండిట్ల ఏదీ తక్కువ గాదు, ఎనుకదాంట్ల గూడ గంతే సామాను పడ్తది. రెండూ నేను ముందంటె నేను ముందని ఒక్కసారి మాట్లాడితె బోర్డుకు ఏదీ ఇనవడది. గందుకే తెర నల్లగైంది. ఇది మతలబు.

మీ నాయిన సంగతి రాసినవ్. నా సంగతి నీకు తెల్వది. మీ అమ్మకు తెలుసుగని నీకు చెప్పొద్దని నేనే అన్న. తొమ్మిదేండ్లప్పుడు బోయినపల్లి దిక్కు ఒక దొరింట్ల నన్ను జీతం పెట్టిండ్రు. మా నాయినే చెయ్యి పట్టుకపోయి అప్పజెప్పిండు. ఆరేండ్లు మేకల కాసిన. ఒకనాడు ఒక మేక తప్పిపోతె నన్ను వానల నిలవెట్టిండ్రు. మర్నాడు మేకల్ని వాగు కాడ ఇడిసి సిరిసిల్ల తొవ్వ పట్టిన. మళ్ల ఎనుకకు చూడలే. నాకు పెండ్లయినంక గూడ, ఎవ్వలన్న గట్టిగ పేరు పెట్టి పిలిస్తె లేసి నిలవడేటోన్ని. చెవులు పోయినంక అదొక్కటి తప్పింది.

గందుకే నీకు చెప్పే హక్కు నాకున్నది. జీతగాడంటె మాట గాదు బిడ్డా, మనిషి. సత్తయ్య మేకల కాసిండు. పాస్‌పోర్టు గుంజుకున్నరు. ఉరికొచ్చిండు. ఆయన్ని ఏమంటరో నువ్వే చెప్పు. సత్తయ్యోళ్లు భూములున్నోళ్లు, మనం వాళ్లసొంటోళ్ల ఇండ్లల్ల చేసినోళ్లం. గా లెక్క ఇప్పుడు తియ్యకు. ఇనుప డబ్బకు గా పేరొద్దని నువ్వు పంతం పట్టినవ్, మంచిదే. గని నీ పంతానికి నిజంగ జీతమున్న మనిషి ఆడ కూసున్నడు.

ఇగ పని సంగతి. నువ్వు స్లేవు కాడ పిన్ను పెట్టే అక్కరనే లేదు. నీకాడున్న రకం డిస్కుకు పిన్ను మొత్తానికే పీకేస్తె అది రెండోదైతది. మీద అంటిచ్చిన కాయితంల బొమ్మ ఉంటది, చూసుకో. పీకి పారెయ్యి. దానికి ఏ పేరూ పెట్టకు.

వెంకటేశాన్ని ఇయ్యాల్నే ఎళ్లగొడుతున్న.

మామ

*

కోరుట్ల,
16 అక్టోబర్ 2011

మామకు,

వందనాలు. నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మొదటిసారి నీ మీద కోపమొచ్చింది. రెండోసారి ఏడ్చాను. మూడోసారి పట్టకారు తీసుకుని పిన్ను పీకేశాను.

పదకొండు గంటలకు కరెంటు వచ్చింది. బటన్ నొక్కితే తెర మీద రెండు డిస్కుల పేర్లూ వచ్చాయి, ఒకదాని కింద ఒకటి. విండోస్ వచ్చింది. మన డిస్కు తెరుచుకుంది. 2008 పాస్‌పోర్టులు అని నేనే పెట్టిన ఫోల్డరు, అందులో సత్తయ్య పేరు.

రాధక్కను లోపలికి పిలిచాను. రెండు నెలలుగా మెట్ల మీద కూర్చున్న మనిషి గడప దాటడానికి చెప్పులు విప్పింది. తెర మీద ఫోటో చూసి, కొంగుతో తెర మీది దుమ్ము తుడిచింది.

నెట్ సతాయించింది కానీ పన్నెండున్నరకు మెయిలు పోయింది. సాయంత్రానికి ఆ తెలుగాయన నుంచి "అందింది, పేరు ఎక్కించిన్రు" అని జవాబొచ్చింది. నాలుగు రోజులు మిగిలి ఉండగానే పని అయింది.

ఆ ఫోల్డరులో ఇంకా నూట నలభై మంది ఉన్నారు. ఒక్కొక్కరివి సీడీల్లో వేసి, లేజరు ప్రింటు తీసి, ఇంటింటికీ ఇచ్చి వస్తున్నాను. అందరి బతుకూ నా ఒక్క డిస్కులో ఉండటం తప్పని తెలిసింది.

నువ్వు మేకలు కాసిన సంగతి అమ్మను అడిగాను. ఆమె పొయ్యి మీది గిన్నె దించింది. తర్వాత, "మీ మామ అన్నం తినేటప్పుడు ఇప్పటికీ ఎవ్వలన్న ఎనుక నిలవడితె తినడు" అని చెప్పింది. నాకు ఇన్నేళ్లూ అది కనబడలేదు, మామా. నన్ను మన్నించు.

సుమలత

*

కోరుట్ల,
18 డిసెంబర్ 2011

మామకు,

వందనాలు. సత్తయ్య వచ్చి తొమ్మిది రోజులైంది. వచ్చిన మర్నాడే రాధక్క వెంట తెచ్చింది. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు, రెండుసార్లు చెప్పాక అంచు మీద కూర్చున్నాడు. చాయ తాగాడు.

మొన్న మళ్లీ వచ్చాడు. ఈసారి ఆయనే ముందు నడిచాడు, రాధక్క చాట పట్టుకుని వెనక వచ్చింది.

"చెల్లె, నా కాయితం ఇంక నీ కంప్యూటర్ల ఉన్నదా?" అని అడిగాడు. ఉందన్నాను. గర్వంగానే చెప్పాను.

"తీసెయ్యి" అన్నాడు.

నాకు అర్థం కాలేదు. అప్పుడు చెప్పాడు. పాత ఏజెంటు మళ్లీ ఇంటికి వస్తున్నాడట. ఈసారి మంచి కంపెనీ, ఏసీలో పని, పాత నకలు ఉంటే చాలు కొత్త పాస్‌పోర్టు నేనే చేయిస్తానంటున్నాడట. "మా అన్నలు మెత్తవడ్డరు. రోజు అదే ముచ్చట. నేను గూడ మెత్తవడ్తనేమో అని భయమైతుంది చెల్లె. నువ్వు రాధకిచ్చిన కాయితం, సీడీ పొద్దున్నే పొయ్యిల వేసిన. ఇగ నీ కాడనే ఉన్నది."

ఇది తీసేసినంత మాత్రాన ఏమీ కాదని చెప్పాను. నంబరు పాస్‌పోర్టు ఆఫీసులో ఉంటుంది, గట్టిగా తిరిగితే దొరుకుతుందని చెప్పాను.

"ఎరుకే. వాళ్లు తిరగాలె గద. నాకు తిరగబుద్ధి కాకుంట ఉండాలె గద" అన్నాడు.

రాధక్క వైపు చూశాను. రెండు నెలలు మెట్ల మీద కూర్చున్నది ఆమె. వద్దంటుందేమో అనుకున్నాను. ఆమె చాట కింద పెట్టి ఆయనతో, "నువ్వే ఒత్తు" అంది.

నేను లేచి నా కుర్చీ ఆయనకు ఇచ్చాను. ఆ మనిషి ఎన్నడూ మౌసు పట్టుకోలేదు. బాణం గుర్తు తెర అంతా పరుగెత్తింది. వేలు ఎక్కడ పెట్టాలో చూపించాను, నొక్కింది మాత్రం ఆయనే. నిజంగా తీసేయాలా అని కంప్యూటరు అడిగితే నేను చదివి వినిపించాను. "నిజంగనే" అని దానికే జవాబు చెప్పి మళ్లీ నొక్కాడు. చెత్తబుట్టలోంచి, నేను పంపిన మెయిల్లోంచి కూడా తీయించాను.

నీకు కోపమొస్తుందేమో, ఇంత కష్టపడి బతికించినదాన్ని పోనిచ్చానని. నాకు మాత్రం ఒక్క నిమిషం కూడా బాధ కలగలేదు. ఆయన ఇంటికి రావడానికి అది కావాల్సి వచ్చింది. వచ్చాక అది ఉండాలో వద్దో చెప్పాల్సింది నేను కాదు, నువ్వు కాదు.

నిన్న పొద్దున ఏజెంటు వచ్చాడు. బండి దిగకుండానే, "సత్తయ్యది నకలు నీ కాడ ఉన్నదట గద, ఒకటి తీసియ్యి" అన్నాడు.

లేదన్నాను.

"ఉన్నదాన్ని లేదంటవేంది?" అన్నాడు.

లోపలికి రమ్మన్నాను. వచ్చి కూర్చుని, నేను పక్కనే నిలబడి చూస్తుండగా ఫోల్డరులో పేర్లన్నీ తనే వెతుక్కున్నాడు. గంటసేపు వెతికాడు.

సుమలత